ఆఫట్స్ బయూలో పసిఫిక్ లూన్: ఒక తప్పు గుర్తింపు, ఆ తర్వాత అసలు పక్షి

చలికాలం వస్తే నా శనివారాలు ఎక్కువగా టెక్సాస్ తీరపు ద్వీపం గాల్వెస్టన్‌లోనే గడుస్తాయి. హ్యూస్టన్ శివార్లలో ఉన్న మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ద్వీపం నడుము దాకా చొచ్చుకొచ్చిన ఆఫట్స్ బయూ అనే నీటిపాయలో 11 ఏళ్లుగా లూన్లనే నీటిపక్షులను లెక్కపెడుతున్నాను. ఇక్కడ కనిపించేవి దాదాపు అన్నీ కామన్ లూన్లే. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి ఒక పసిఫిక్ లూనో, రెడ్ థ్రోటెడ్ లూనో వచ్చి చేరుతుంది. ఎల్లో బిల్డ్ లూన్ అయితే టెక్సాస్ మొత్తానికే అపురూపం. కిందటి జనవరిలో నేను ఒక కామన్ లూన్‌ని చూసి పసిఫిక్ అని రాసేశాను. ఆ తప్పు దిద్దుకున్న వారానికి నిజమైన పసిఫిక్ అదే నీళ్లలో దొరికింది. రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కడ దెబ్బతిన్నానో తేటగా కనబడుతోంది. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

లూన్ తెలుగునేల మీద కనబడే పక్షి కాదు. చెరువుల్లో బుడబుంగని చూసినవాళ్లు దాన్ని బాతుకంటే పెద్దదిగా, బాకులాంటి ముక్కుతో ఊహించుకోవచ్చు. కాళ్లు ఒంటికి చిట్టచివర ఉంటాయి. అందుకే నేల మీద సరిగ్గా నడవలేదు, నీళ్లలో మాత్రం దానికి తిరుగు లేదు. మిగతా పక్షులకు ఎముకలు చాలావరకు బోలుగా ఉంటే దీనికి గట్టిగా, బరువుగా ఉంటాయి. నీళ్లలో ఒళ్లు సగం మునిగినట్టే తేలుతుంది. మునిగేటప్పుడు చాలాసార్లు నీళ్లు చిందవు, అలా లోపలికి జారిపోతుంది. వేసవిలో ఉత్తరాది సరస్సుల మీద కామన్ లూన్‌కి నల్లటి తల, ఎర్రటి కళ్లు, వీపు మీద చదరంగం గళ్లు. చలికాలానికి పెళ్లిబట్టలు విప్పేసినట్టు ఆ సోకంతా పోతుంది. పైన బూడిద రంగు, కింద తెలుపు, అంతే. ఉన్న ఐదు జాతులూ చలికాలంలో ఇదే వేషంలో ఉంటాయి. చిక్కంతా అక్కడే.

బయూ సంగతి

మాది ఆకివీడు. ఉప్పుటేరు పక్కన పెరిగినవాడికి బయూ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కొల్లేటి నీళ్లను సముద్రానికి మోసుకెళ్లే ఆ ఏట్లోకి పోటు వేళ ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి. ఇక్కడి బయూలూ అంతే. పారుతోందా, నిలిచిపోయిందా అని అనుమానం వచ్చేంత నెమ్మదైన నీళ్లు.

ఆఫట్స్ బయూకి మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. 1900 సెప్టెంబర్ 8న వచ్చిన తుపాను గాల్వెస్టన్‌ని ఊడ్చేసింది. కనీసం 6,000 మంది చనిపోయారు. ఆ తర్వాత ఊరివాళ్లు సముద్రం వైపు గోడ కట్టారు, ఇళ్లను జాకీలతో పైకి లేపి కింద మెరక పోశారు. ద్వీపాన్ని మెరక చేయడానికి ఈ బయూ అడుగు నుంచి కూడా తోడారు. చుట్టుపక్కల వెస్ట్ బేలో చాలాచోట్ల మనిషి నిలబడితే తల మునగదు. ఇక్కడ మాత్రం తవ్విన గోతుల వల్ల లోతు ఎక్కువ. ఉత్తరపు చలిగాలి వీచినప్పుడు లోతులేని నీళ్లు ఇట్టే చల్లబడతాయి, చేపలు లోతు వెతుక్కుంటూ ఇక్కడికి చేరతాయి. గాలాలు వేసేవాళ్లకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు, జనవరిలో ట్రౌట్ చేపల కోసం పడవలేసుకుని వస్తారు. లూన్లకూ అదే తెలుసు. చలిగాలి వీచిన మర్నాడు లెక్క ఎప్పుడూ పెరుగుతుంది.

పొద్దున్న 61వ స్ట్రీట్ దగ్గరి పడవల రేవు నుంచి పడమర వైపు చూస్తాను, సూర్యుడు వెనకుంటాడు. తొమ్మిదిన్నర దాటాక మూడీ గార్డెన్స్ పిరమిడ్లు ఉన్న దక్షిణపు ఒడ్డుకి మారతాను. చలికాలం సూర్యుడు దక్షిణాన్నే ఉంటాడు కాబట్టి అక్కడ రోజంతా వెలుతురు వెనకనుంచే పడుతుంది. ఎదురు వెలుతురులో ప్రతి లూనూ నల్లటి బొమ్మే, అటునుంచి ఎంతసేపు చూసినా ఒరిగేదేమీ లేదు.

తప్పు జరిగిన రోజు

జనవరి రెండో శనివారం. ముందురోజు రాత్రి ఉత్తరపు గాలి దిగింది, పొద్దున్న 4 డిగ్రీలు. మా నాన్న ఆ నెలలో మా దగ్గరే ఉన్నారు, కారులో థర్మాస్ ఫ్లాస్కుతో కూర్చున్నారు. నేను కారుని గాలికి అడ్డంగా పెట్టి దాని చాటున స్కోపు, అంటే పక్షులను చూసే టెలిస్కోపు, నిలబెట్టాను. దక్షిణపు ఒడ్డున ఉంటే ఆ గాలి సరిగ్గా మొహాన కొడుతుంది, కళ్లలో నీళ్లు ఆగవు.

మొత్తం 23 లూన్లు లెక్కొచ్చాయి. అందులో ఒకటి విడిగా, సుమారు 250 మీటర్ల దూరంలో ఉంది. చిన్నది. తల గుండ్రంగా ఉంది. ముక్కు సన్నగా, నిటారుగా ఉంది. మెడ మీద నలుపూ తెలుపూ కలిసే గీత కత్తితో కోసినట్టుంది. గుండె ఒక్కసారి దడదడలాడింది. పసిఫిక్ లూన్ గూళ్లు పెట్టేది అలాస్కా, ఉత్తర కెనడా, తూర్పు సైబీరియా టండ్రాలలో. చలికాలం గడిపేది ఎక్కువగా పసిఫిక్ తీరంలో. ఇక్కడి మెక్సికో గల్ఫ్ తీరంలో అది కనబడిందంటే ఆ రోజుకి పండగే. నాలుగు నిమిషాలు చూశాను, ఫోన్ స్కోపుకి ఆనించి ఆరు ఫోటోలు తీశాను. అది మునిగింది. మళ్లీ ఎక్కడ తేలిందో నాకు దొరకలేదు. ఆ టెన్షన్‌లోనే కారు ఎక్కి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్ చెక్‌లిస్ట్‌లో పసిఫిక్ లూన్ 1 అని రాసేశాను.

రాత్రి భోజనాలయ్యాక ఫోటోలు పెద్ద స్క్రీన్ మీద వేశాను. ఐదింటిలో పక్షి మెడ లోపలికి ముడుచుకుని కూర్చుంది. ఆరో ఫోటో మునగడానికి అరక్షణం ముందు తీసింది, అందులో మెడ చాచింది. మెడ మొదట్లో నల్లటి పట్టీ సగం దాకా ముందుకొచ్చి ఆగింది. దానిపైన తెలుపు వెనక్కి చొచ్చుకుపోయింది, బెల్లంముక్క అంచు కొరికినట్టు. అది కామన్ లూన్ గుర్తు. ఇంకాస్త పెద్దది చేస్తే కంటి చుట్టూ తెల్లటి అర్ధచంద్రం కూడా ఉంది. వీపు ఈకల అంచులు లేతగా, పొలుసుల్లా ఉన్నాయి, అంటే పుట్టి ఏడాది కూడా నిండని పిల్ల. అది కామన్ లూనే. నేను ముడుచుకున్న మెడను చూసి నున్నటి గీత అనుకున్నాను.

అప్పటికప్పుడు చెక్‌లిస్ట్ దిద్దాను. కానీ ఆ చిన్నదనం నన్ను ఎందుకు అంత నమ్మించిందో కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఇదే. పుస్తకాల్లో కామన్ లూన్ బరువు రెండున్నర నుంచి 6 కిలోల దాకా అని ఉంటుంది. పసిఫిక్ 1 నుంచి రెండున్నర కిలోలు. అంకెలు చూస్తే పొరబడే వీలే లేదనిపిస్తుంది. కానీ కామన్ లూన్లలో మగవి ఆడవాటికంటే బాగా పెద్దవి. పైగా ఏ ప్రాంతపు పక్షి అన్నది కూడా ఉంది. అమెరికా ఈశాన్యంలో, మెయిన్ రాష్ట్రం వైపు పుట్టినవి భారీగా ఉంటాయి. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ సరస్సుల మీద పుట్టినవి వాటికంటే చిన్నవి. గల్ఫ్‌కి వచ్చేవాటిలో ఈ చిన్నవే ఎక్కువ. మిన్నెసోటా రాష్ట్రపక్షి మన బయూలో చలికాచుకుంటోందన్నమాట. అందులోనూ ఏడాది నిండని ఆడపిల్ల అయితే ముక్కు ఇంకా పూర్తిగా లావెక్కదు. పక్కన పోల్చుకోవడానికి ఇంకో లూన్ లేనప్పుడు పరిమాణం గురించి నా కన్ను చెప్పేదాన్ని అప్పటినుంచి నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను.

అదే లేత ముక్కు ఇంకో పొరపాటుకి కూడా దారితీస్తుంది. పిల్ల కామన్ లూన్ ముక్కు లేత బూడిద రంగులో మెరిస్తే ఎల్లో బిల్డ్ అని కేకలేసినవాళ్లను చూశాను. పై ముక్కు వెన్నుగీత కొస దాకా నల్లగా ఉంటే అది కామన్. ఎల్లో బిల్డ్‌కి కొసవైపు సగం దాకా లేతరంగే, నలుపు ఉండదు. చెంప మీద గోధుమరంగు మచ్చ ఒకటి ఉంటుంది.

అసలు పక్షి

మరుసటి శనివారం వాన, వెళ్లలేదు. ఆదివారం గాలి పడిపోయింది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ లూన్‌నైనా మెడ చాచేదాకా, రెండు పక్కలూ తిప్పేదాకా చూడాలి. అంతదాకా పేరు రాయకూడదు.

నాన్న ఆ రోజు కారు దిగి వచ్చారు. ఆయన చేతిగడియారంతో మునకల లెక్క చూస్తానన్నారు. పక్షి మునగ్గానే "ఇప్పుడు" అంటాను, తేలగానే "వచ్చింది" అంటాను, ఆయన సెకన్లు చెబుతారు. చాలావరకు 35 నుంచి 60 సెకన్ల మధ్య ఉన్నాయి. ఈ లెక్కతో జాతి తేలదు, అన్ని లూన్లవీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కానీ ఒక పక్షి సగటున ఎంతసేపు లోపలుంటుందో, ఎటువైపు తేలుతుందో తెలిస్తే స్కోపు ముందే అటు తిప్పుకుని సిద్ధంగా ఉండొచ్చు. వారం కిందట నా పక్షి చేజారింది ఇది చేయకపోవడం వల్లే.

పదిన్నరప్పుడు రెండు లూన్లు పక్కపక్కన తేలాయి. నాన్న బైనాక్యులర్స్‌లో చూస్తున్నారు.

"ఒరేయ్, ఆ రెండూ ఒకటి కాదురా."

"చిన్నది పిల్లేమో నాన్నా."

"పిల్లా పెద్దా నాకు తెలీదు. దీనికి మెడ వెనకాల బూడిద పూసినట్టుంది. వీపేమో నల్లగా ఉంది. దాని పక్కదానికి అలా లేదు."

స్కోపులో చూశాను. ఆయనన్నది నిజం. పసిఫిక్ లూన్‌కి చలికాలంలో మెడ వెనకభాగం వీపుకంటే లేతగా ఉంటుంది. కామన్‌కి వీపుతో సమానంగానో, ఇంకా ముదురుగానో ఉంటుంది. చిన్న తేడాయే, కానీ మెడ ముడిచినా చాచినా మారదు. అప్పటికి 11 ఏళ్లుగా లూన్లను చూస్తున్న నేను మెడ ముందువైపు గీత మీదే కళ్లు పెట్టాను. మొదటిసారి చూస్తున్న మనిషి వెనకవైపు చూశారు. ఉప్పుటేట్లో వల వేసిన రోజుల్లో దూరాన మునిగే పిట్టలను తీరుబట్టి గుర్తుపట్టిన కళ్లు అవి.

తర్వాత 50 నిమిషాలు ఆ పక్షిని వదల్లేదు. 120 మీటర్ల దాకా వచ్చింది. పక్కన కామన్ ఉన్నప్పుడు ఒంటి పొడవు అందులో నాలుగింట మూడొంతులు. నుదురు నిటారుగా లేవకుండా, తల దూదితో కూరినట్టు గుండ్రంగా ఉంది. ముక్కు సన్నం, నీళ్లకు సమాంతరంగా పట్టుకుంది. కన్ను పూర్తిగా ముదురు రంగు లోపలే ఉంది, చుట్టూ తెలుపు లేదు. మెడ నిలువునా చాచింది, మూడుసార్లు, ఎడమ కుడి రెండువైపులా. గీత ఎక్కడా చిరగలేదు, మెడ మొదట్లో పట్టీ లేదు. సూర్యుడి వైపు తల తిప్పినప్పుడు గదవ కింద సన్నటి నల్లదారం కట్టినట్టు ఒక గీత కనబడింది. పెద్ద పసిఫిక్‌లలో చాలావాటికి ఉండే గీత ఇది, పిల్లల్లో సరిగా కనబడదు. వీపు మీద పొలుసులు కూడా లేవు. అంటే ఎదిగిన పక్షి.

ఒక దశలో మాత్రం గాభరా పుట్టింది. పక్షి ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి ఒక పక్కకు ఒరిగింది. లూన్లు ఇలా ఒరిగి తెల్లటి పొట్ట పైకి చూపిస్తూ ఈకలు దువ్వుకుంటాయి, ఒక కాలు గాలిలోకి ఎత్తి రెండుసార్లు విదిలించి రెక్క కింద దోపుకుంటాయి. ఆ భంగిమలో డొక్క వెనకభాగం తెల్లగా మెరిసింది. డొక్క వెనక తెల్లటి మచ్చ ఆర్కిటిక్ లూన్ గుర్తు. పసిఫిక్, ఆర్కిటిక్ రెండింటినీ 1985 దాకా అమెరికన్ పక్షిశాస్త్రవేత్తల సంఘం ఒకే జాతిగా లెక్కగట్టింది, అంత దగ్గరివి. ఒరిగిన ఏ లూన్‌కైనా తెలుపు కనబడుతుంది కాబట్టి అది తిన్నగా, ప్రశాంతంగా తేలేదాకా ఆగాను. తిన్నగా తేలినప్పుడు నీటి అంచు వెంట ముదురు రంగే ఉంది. ఆర్కిటిక్ కాదు.

ఒక్క దృశ్యం చెప్పి ముందుకెళ్తాను. అది తల కళ్లదాకా నీళ్లలో పెట్టి, ఈదుతూ కింద వెతుకుతోంది. మునిగింది, నాన్న 41 అన్నారు, తేలింది. ముక్కులో పీత. పీతని కొస దగ్గర పట్టుకుని తల విదిలించింది, ఒక కాలు ఊడి నీళ్లలో పడింది. మళ్లీ విదిలించింది, ఇంకొకటి. డెక్క ఒకటి ముక్కుని పట్టుకుని వేలాడింది. పక్షి కంగారుపడలేదు, ముక్కుని నీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడించింది. డెక్క వదిలేశాక పీతని తలకిందులు చేసి మింగింది. మెడలో ఉబ్బు కిందికి జారడం మాకు స్పష్టంగా కనబడింది.

నోట్స్ రాసిన తీరు

ఆ రోజు నేను పుస్తకం తెరవలేదు, ఫోన్ తెరవలేదు. ముందు కాగితం మీద చూసింది చూసినట్టు రాశాను. దూరం, వెలుతురు ఎటునుంచి పడింది, ఎంతసేపు చూశాను, స్కోపు ఎన్ని రెట్లు, పక్కన ఏమున్నాయి, ఏ గుర్తు ఎన్నిసార్లు కనబడింది. పుస్తకం ముందే చూస్తే అందులో ఉన్న గుర్తులు మన జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంటాయి, చూశామో చదివామో మనకే తెలియదు. తర్వాత విడిగా ఇంకో పేరా రాశాను, కామన్ ఎందుకు కాదు, రెడ్ థ్రోటెడ్ ఎందుకు కాదు, ఆర్కిటిక్ ఎందుకు కాదు అని. అరుదైన పక్షి రికార్డుని సరిచూసేవాళ్లకి ఈ పేరానే ఎక్కువ పనికొస్తుంది. వారం కిందటి తప్పుని కూడా అందులో ప్రస్తావించాను, ఆ కామన్ పిల్ల ఫోటో జతచేశాను. ఇలా ఎందుకు చేశావని ఒక మిత్రుడు అడిగాడు. అదే బయూలో అదే వారంలో పసిఫిక్‌ని తలపించే కామన్ ఒకటి తిరుగుతోందని తెలియకపోతే, తర్వాత వచ్చినవాళ్లు దాన్నే చూసి పసిఫిక్ అని రాసుకుపోతారు. సరిచూసేవాళ్లు రికార్డు ఒప్పుకున్నారు.

ఫిబ్రవరిలో రెడ్ థ్రోటెడ్

ఫిబ్రవరి మూడో వారంలో బయూ నోరు వెస్ట్ బేలో కలిసేచోట మిగతావాటికంటే తెల్లగా ఒక లూన్ కనబడింది. ఇందులో పెద్దగా తర్జనభర్జన లేదు. ముక్కు పైకి తిరిగింది, గడ్డం కూడా కాస్త ఎత్తి పట్టుకుంది. మొహం తెలుపు కంటిని దాటి పైకెళ్లింది, మెడ పక్కనుంచి చూస్తే దాదాపు అంతా తెలుపే. వీపు మీద ఉప్పు చల్లినట్టు సన్నటి చుక్కలు. దూరం నుంచి చూస్తే నీటికాకి కూడా ముక్కు ఎత్తే ఈదుతుంది, కానీ దాని ముక్కు కొస కొక్కెంలా వంగి ఉంటుంది, ఒళ్లు నల్లన.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది తర్వాత జరిగింది. ఒక మోటారు పడవ దగ్గరకొచ్చింది. రెడ్ థ్రోటెడ్ కొద్ది దూరం పరిగెత్తి గాల్లోకి లేచిపోయింది. పక్కనున్న కామన్ లూన్లు ఎగరలేదు, మునిగి దూరంగా తేలాయి. లూన్లకు రెక్కల పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాలతాయి, కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేవు. రెడ్ థ్రోటెడ్‌కి ఈ పని శరత్కాలంలోనే అయిపోతుంది. ఎదిగిన కామన్, పసిఫిక్‌లకి మాత్రం చలికాలం చివర్లో, సరిగ్గా ఇక్కడ ఉన్నప్పుడే జరుగుతుంది. వారం తర్వాత మా పసిఫిక్ లేచి రెక్కలు ఆడిస్తే మొండి రెక్కలు కనబడ్డాయి.

అందుకే ఫిబ్రవరి, మార్చిలలో కయాక్ వేసుకుని ఫోటో కోసం లూన్ల వెంట పడేవాళ్లని నేను గట్టిగానే వారిస్తాను. అది ఎగిరిపోలేదంటే మనకి భయపడలేదని కాదు, ఎగరలేక. ప్రతిసారీ మునిగి పారిపోతే తినాల్సిన సమయం పోతుంది, కొత్త ఈకలు పెంచడానికి దానికి తిండి కావాలి. ఒడ్డునుంచి ఓపిగ్గా నిలబడితే అదే దగ్గరకొస్తుంది. రేవులో తెగిన గాలపుదారాలు, సీసపు గుండ్లు కనబడితే ఏరి జేబులో వేసుకుంటాను. చిన్న సీసపు గుండు ఒక్కటి మింగినా లూన్ చచ్చిపోతుంది.

పసిఫిక్ మార్చి చివరిదాకా ఉంది. మార్చి 23న చూసినప్పుడు మెడ వెనక బూడిద వెండిలా మెరుస్తోంది, గొంతు నల్లబడటం మొదలైంది. నాన్న అప్పటికి ఆకివీడు వెళ్లిపోయారు. ఫోటో పంపితే, పక్క వీధిలో వలలు అల్లే ఆయనకి చూపించానని ఫోన్ చేశారు. ఏప్రిల్ 6న మళ్లీ వెళ్లాను. బయూలో 9 లూన్లు ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ మెడ చాచేదాకా చూశాను. అన్నీ కామనే. నాలుగింటికి తల నల్లబడింది. మిగతా ఐదూ ఇంకా బూడిద రంగులో ఉన్న పిల్లలు, వేసవిలోనూ ఈ తీరంలోనే ఉండిపోతాయి.